పగులు కింద నోరు

వెర్రిబీ
మార్చి 10

అక్కకి,

దాసు దండం పెట్టి రాసేది. ఇక్కడ అందరం బాగున్నాం. నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయో రాయి.

ఫోన్ ఉండగా ఉత్తరమేంట్రా అంటావు. ఈ ఇంట్లో ఫోన్ ఎప్పుడూ స్పీకరు మీదే ఉంటుంది. నేను హలో అంటే ఇంటిల్లిపాదీ వింటారు. ఇది అందరూ వినేది కాదు. అందుకని పోస్టాఫీసు దాకా నడిచి కవర్లు తెచ్చుకున్నాను. అక్కడ నోటితో అడగక్కర్లేదు. వేలు చూపిస్తే ఇచ్చారు.

మన ఉదయకి అయిదో నెల వచ్చింది. ఇంతవరకు బాగుంది. పోయినసారి ఆరో నెలలో బిడ్డ దక్కకపోయిన సంగతి నీకు తెలుసు. ఆ మాట ఇంట్లో ఎవరం ఎత్తం. అల్లుడు భార్గవ్ కూడా తలుపులు చప్పుడు కాకుండా వేస్తున్నాడు.

విషయం ఇది. మొన్న పెరట్లో కరివేపాకు కుండీకి ఎండ తగలట్లేదని జరిపాను. దాని వెనక, కంచె మొదట్లో, ఒక ఎముక ఉంది. కుక్కలు లాక్కొచ్చేలాంటిది కాదు. పలకలా వెడల్పుగా, పల్చగా ఉంది. తెల్లగా గీకి శుభ్రం చేశారు. ఒక పక్క చిన్న చిన్న గుంటలు, గుంటల్లో కాల్చిన నలుపు. రెండో పక్క పగుళ్ళు. పగుళ్ళ పక్కనే సూదిమొనతో చెక్కినట్టు గీతలు. గీతల్లో ఎర్ర రంగు నింపారు. వాటిలో ఒక గుర్తు మాటిమాటికీ వస్తోంది. నిలువుగా ఒక గీత, దాని నడుం దగ్గర పక్కకి చిన్న కొమ్మ. చూసి గీశాను.

卜

కంచెకి అవతల ఇంట్లో లియాంగ్ గారని చైనా ఆయన ఉన్నారు. నా ఈడే. కొడుకు, కోడలి దగ్గర ఉంటారు. పొద్దున్నే నది పక్క బల్ల మీద ఇద్దరం కూచుంటాం. ఆయనకి తెలుగు రాదు, నాకు చైనా మాట రాదు, ఇద్దరికీ ఇంగ్లీషు రాదు. అందుకని బాగా కుదిరింది. ఆయన చెడ్డవారు కారు. కానీ ఎముక ఆ కంచె పక్కనే ఉంది.

నీకు బల్లిశాస్త్రం, శకునాలు అన్నీ తెలుసు. ఇదేమై ఉంటుందో రాయి. నీ మరదలికి చెప్పలేదు. నువ్వూ చెప్పకు. తువ్వాల్లో చుట్టి గరాజులో బియ్యం బస్తాల వెనక పెట్టాను.

తమ్ముడు
దాసు


స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్
మార్చి 19

దాసుకి అక్క శ్యామసుందరి దీవెనలు.

నీ ఉత్తరం చూసి మా యోగానంద్ ఒకటే నవ్వు. "అమ్మా, స్టాంపు అంటించిన ఉత్తరం! మావయ్య బ్రిస్బేన్ మ్యూజియంకి పంపబోయి మనింటికి పంపినట్టున్నాడు" అంటాడు. వాడి నవ్వులకేంగానీ, ఒరేయ్, నీకు బుద్ధుందా? అలాంటిదాన్ని తువ్వాల్లో చుట్టి బియ్యం పక్కన పెడతావా? ఆ తువ్వాలు నీదేనా, ఉదయదా? ఉదయదైతే ముందు దాన్ని తగలెయ్యి.

కాల్చిన గుంటలు, ఎర్ర రంగు, గీతలు, అదీ కడుపుతో ఉన్న పిల్ల ఇంట్లో. ఇంకేం కావాల్రా? ఎవరో చేయించారు. నువ్వు గీసిన ఆ గుర్తు మొదట చూస్తే గొడ్డలిలా ఉంది. కళ్ళజోడు పెట్టుకుని చూస్తే విరిగి వేలాడే కొమ్మలా ఉంది. ఎలా చూసినా నాకు మంచిగా తోచలేదు. నది ఉంది కదా, తీసుకెళ్ళి పారే నీళ్ళలో వదిలెయ్యి. వెనక్కి తిరిగి చూడకు. ఇంటికి రాగానే తలస్నానం చెయ్యి. ఆ చైనా ఆయన పక్కన కొన్నాళ్ళు కూచోకు. మాట్లాడుకునేది ఎలాగూ లేదుగా, ఏం నష్టం?

సీతకి నేనెందుకు చెప్తాను? నా కడుపులో మాట దాగదని మీరందరూ ఒక పేరు పెట్టేశారు, అంతే.

నా మోకాళ్ళు ఉన్నాయి. నొప్పులూ ఉన్నాయి.

అక్క


వెర్రిబీ
ఏప్రిల్ 12

అక్కకి,

నీ ఉత్తరం నాకు అందేసరికే నీ మరదలు గరాజులో బియ్యం బస్తాలు జరుపుతోంది.

తప్పు పట్టి రాయడం లేదు. జరిగింది రాస్తున్నాను. ఎముక చూసి సీత కేక వేసింది. ఉదయ పరుగున వచ్చింది. పరుగెత్తకూడని మనిషి. చూసేసింది.

ఆ రోజే సీత ఉప్పూ ఎండుమిరపకాయలూ ఉదయ చుట్టూ తిప్పి స్టవ్ మీద పోసింది. ఇంట్లో పొగ గంటలన్నీ ఒక్కసారి కూశాయి. మర్నాడు పెద్ద గుమ్మడికాయ తెప్పించింది. దానికి కన్నం చేసి కుంకం నింపి, దిష్టి తీసి, నాలుగు దారులు కలిసే చోట కొట్టింది. నిమ్మకాయలు కోసి నాలుగు పక్కలా విసిరింది.

"అత్తయ్యగారూ, కౌన్సిల్ వాళ్ళు చూస్తే ఫైన్ వేస్తారండీ" అన్నాడు భార్గవ్.

"వెయ్యనీ బాబూ. నా పిల్లకన్నా ఎక్కువా?"

ఆ తర్వాత వారం స్కాన్ తీశారు. కడుపులో మాయ బాగా కిందికి ఉందన్నారు. రెండు రోజులకి కొంచెం నెత్తురు కనపడింది. ఆస్పత్రిలో ఒక రోజు ఉంచుకుని పంపారు. బిడ్డ బాగానే ఉందట. చాలామందికి మాయ నెలలు నిండేలోపు పైకి జరుగుతుందట. కానీ అప్పటిదాకా పడుకుని ఉండాలి, విమానం ఎక్కకూడదు, దూరాలు వెళ్ళకూడదు అని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది.

సీత ఇది ఎముక పనే అంటోంది. ఈ ఇల్లు వదిలితే గాని పిల్ల దక్కదంటోంది. వదిన రమ్మన్నారు, పురుడు అక్కడే అని నెలాఖరుకి మీ ఊరికి టిక్కెట్లు కొనిపించింది. డాక్టరమ్మ వద్దంది కదా అంటే, "ఆవిడకి స్కాన్లు తెలుసు, ఇవి తెలీవు" అంటుంది. భార్గవ్ వద్దని చెప్పి చూశాడు. ఉదయే వెళ్తానంటోంది. డాక్టరు మాటకన్నా ఎముక భయం ఎక్కువైపోయింది దానికి. కంచె వైపు కర్టెన్ తియ్యనివ్వదు. భార్గవ్ ఆ కోపమంతా లియాంగ్ గారి మీద పెట్టుకుని, ఆయన మీద కంప్లయింట్ ఇస్తానంటున్నాడు.

నిన్న పాలు ఇవ్వడానికి వెళ్తే ఉదయ అడిగింది. "నాన్నా, మళ్ళీ అలాగే అవుతుందా?"

నేను గ్లాసు పెట్టి వచ్చేశాను.

ఎముకని నదిలో వెయ్యలేదక్కా. వెయ్యడానికే తీసుకెళ్ళాను. ఒకసారి తువ్వాలు విప్పి చూశాను. గీత మీద గీత పడకుండా ఎంతో ఓపిగ్గా చెక్కారు. చెడు చేసేవాడికి అంత ఓపిక ఎందుకు ఉంటుంది అనిపించి తిరిగి తెచ్చేశాను. లియాంగ్ గారు బల్ల దగ్గరికి రావడం మానేశారు.

నువ్వు నిజంగా రమ్మన్నావా? రాయి.

దాసు


స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్
ఏప్రిల్ 18

దాసూ,

రమ్మన్నాను.

సీతకి ఎముక సంగతి చేరింది కూడా నా వల్లే. ఫోన్ చేసినప్పుడు "ఇంట్లో ఏమైనా కనపడకూడనివి కనపడ్డాయా సీతా" అని అడిగాను. అడిగితే చెప్పినట్టు కాదు కదా అనుకున్నాను. నెత్తురు కనపడిందని మాత్రం నాకెవరూ చెప్పలేదురా. విమానం ఎక్కొద్దన్నారనీ చెప్పలేదు. "గాలి మార్పుకి వస్తాం వదినా" అంది. సరే రండి అన్నాను. గది కూడా కడిగించాను.

నీ ఉత్తరం చదివి వెంటనే ఫోన్ చేసి రావద్దన్నాను. సీత ఒకటే మాట అంది. "మీ అమ్మాయే అయితే ఆ ఇంట్లో ఉంచుతారా వదినా?" "అది చేతబడి కాదేమో సీతా" అంటే, "మీరేగా అన్నారు" అంది. నేనేగా అన్నది.

నేను మొదలెట్టింది నేను ఆపితే ఆగట్లేదు. ఇప్పుడు నువ్వే వెళ్ళాలి. ఆ ఎముక పట్టుకుని ఆయన గుమ్మం ఎక్కి, ఇది మీదా, ఏంటిది, అని అడుగు. ఔనో కాదో తేలుతుంది. భాష రాదంటావేమో. తెలుగు వచ్చుగా నీకు, తెలుగులో ఎప్పుడైనా ఎవర్నైనా ఏమైనా అడిగావా? పెళ్ళిచూపుల్లో పిల్ల నచ్చిందా అంటే గోడకేసి చూస్తూ కూచున్నావు. నచ్చిందని నేను చెప్పాను. అప్పుడు నీ పక్కనే కూచున్నాను కాబట్టి చెప్పాను. ఇప్పుడు ఇంత దూరంలో ఉన్నాను.

టిక్కెట్ల తేదీ లోపల వెళ్ళరా. ఆ పిల్లని విమానం ఎక్కనివ్వకు.

అక్క


వెర్రిబీ
ఏప్రిల్ 27

అక్కా,

వెళ్ళాను.

నిన్న మధ్యాహ్నం భోజనాలయ్యాక తువ్వాలు చంకలో పెట్టుకుని బయల్దేరాను. వాళ్ళ గేటు దాకా వెళ్ళి వెనక్కి వచ్చేశాను. చెప్పులు విప్పబోతుంటే ఉదయ గది తలుపు సందులోంచి సూట్‌కేసు కనపడింది. మళ్ళీ బయల్దేరాను. ఈసారి భార్గవ్ చూశాడు.

"మావయ్యగారూ, ఎక్కడికి?"

"పక్కింటికి."

"ఆగండి, నేనూ వస్తా. నేను మాట్లాడతా."

"నువ్వు కోపంగా ఉన్నావు. నేను మాట్లాడతాను. ఆ మాటలు మార్చే ఫోన్ పట్టుకురా" అన్నాను.

వాడు నా మొహం చూసి మారుమాట్లాడకుండా వచ్చాడు.

లియాంగ్ గారి కోడలు తలుపు తీసింది, పేరు మే. తువ్వాలు విప్పి ఎముక చూపించాను. ఆ పిల్ల ఎముకని చూసి జడవలేదక్కా. మమ్మల్ని చూసి జడిసింది. రెండడుగులు వెనక్కి వేసి, తన ఫోన్ తెచ్చి ఒక ఫొటో చూపించింది. పగిలిన గుమ్మడికాయ. ఎర్రగా కారుతోంది. చుట్టూ నిమ్మచెక్కలు. సీత కొట్టిన నాలుగు దారుల మూల సరిగ్గా వాళ్ళ వాకిట్లోకే వస్తుంది. నాకు అంతవరకు తట్టనే లేదు.

మే భార్గవ్‌తో ఇంగ్లీషులో గబగబా ఏదో అంది. భార్గవ్ చెవులు ఎర్రబడ్డాయి.

"ఏమంటోంది?"

"మనం వాళ్ళకి చేతబడి చేశామంటోంది మావయ్యగారూ. వాళ్ళ మావగారు అప్పట్నుంచీ గడప దాటట్లేదట. మేం మీకేం అన్యాయం చేశాం అని అడుగుతోంది."

నాకు నవ్వొచ్చింది. ఆపుకుందామనుకున్నాను, ఆగలేదు. గుమ్మంలో నిలబడి కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాను. భార్గవ్ నన్ను అలా ఎప్పుడూ చూడలేదు. ముందు బిత్తరపోయాడు, తర్వాత వాడికీ నవ్వొచ్చింది. ఆ చప్పుడుకి లియాంగ్ గారు లోపల్నుంచి వచ్చారు. నా చేతిలో ఎముక చూసి రెండు చేతులూ చాపారు. తప్పిపోయిన పిల్లిని ఎత్తుకున్నట్టు తీసుకున్నారు.

రంగు ఆరడానికి కంచె పైన పెట్టారట. గాలికి మా వైపు పడిపోయింది. ఆయన వాళ్ళ పెరడంతా వెతికారట.

"మమ్మల్ని ఎందుకు అడగలేదు?" అన్నాను. భార్గవ్ ఫోన్ దాన్ని చైనా మాటలోకి మార్చింది. ఆయన నేల చూస్తూ ఏదో అన్నారు. ఫోన్ ఆడగొంతుతో తెలుగులో చెప్పింది. "నేను సిగ్గుపడే వ్యక్తిని."

"నేనూ అంతే అని చెప్పు" అన్నాను.

లోపల కూచోబెట్టారు. ఆయన బళ్ళో పిల్లలకి రాత నేర్పిన మేష్టారట. కాగితం తీసి కుంచెతో తాబేలు బొమ్మ వేశారు. పక్కన ఒక భుజం ఎముక వేశారు. ఆ దేశంలో మూడు వేల ఏళ్ళకి పూర్వం, రాజుకి ఏదైనా సందేహం వస్తే ఇలాంటి ఎముకనో తాబేటి డిప్పనో తెప్పించేవారట. వాన పడుతుందా, యుద్ధానికి వెళ్ళొచ్చా, ఆఖరికి పన్ను నొప్పి తగ్గుతుందా అని కూడా అడిగేవారట. ఎముక వెనక గుంటలు తొలిచి, బాగా కాలిన పుల్లో కడ్డీయో ఆ గుంటలో ఆనిస్తారు. ముందు పక్క టప్‌మని పగులుతుంది. ముందు నిలువుగా, తర్వాత నడుం దగ్గర పక్కకి. లియాంగ్ గారు బుగ్గలు పూరించి ఆ చప్పుడు చేసి చూపించారు.

ఆ పగులే అక్షరమైందట. నేను నీకు గీసి పంపింది అదే. గొడ్డలీ కాదు, విరిగిన కొమ్మా కాదు. పగులు. పగులు చూసి ఏం జరగబోతుందో అడగడమని దానికి అర్థం. ఇప్పటికీ వాళ్ళు జోస్యం అన్న మాట రాయాలంటే ఆ అక్షరం వాడతారట. దాని పేరు 'పు'. ఎముక పగిలే చప్పుడే పేరైందని కొందరంటారట.

అలా అడిగేసిన ఎముకల్ని పూడ్చేసేవారు. చాలా కాలం తర్వాత రైతులు దున్నుతుంటే బయటపడ్డాయి. అవేంటో తెలీక మందుల కొట్లకి అమ్మారట. మందని నూరుకుని తాగేశారట జనం. ఎంతమంది రాజుల ప్రశ్నలు అలా కడుపుల్లోకి పోయాయో.

తర్వాత ఆయన ఆ పగులు గుర్తు మళ్ళీ రాసి, దాని కింద చిన్న పెట్టె గీశారు.

占

ఆ పెట్టె ఏంటంటే తన నోరు చూపించారు. పగులు కింద నోరు పెడితే ఇంకో అక్షరం. పగులు చూసి ఫలితం చెప్పడం అని అర్థం. "పగులు తనంతట తాను మాట్లాడదు. ఒక మనిషి నోరు తెరవాలి" అంది ఫోన్.

భార్గవ్ నా వైపు చూశాడు. నేను కాగితం వైపు చూశాను.

"మీరు ఇవి నమ్ముతారా?" అని అడిగాను. తల అడ్డంగా ఊపారు. ఊరికే ఉండలేక పాత అక్షరాలు చెక్కుతుంటారట. బార్బెక్యూ పొయ్యి మీద కడ్డీ కాల్చి, ఇల్లంతా కంపు చేసి, కోడలి చేత చివాట్లు తిన్నారట.

"మరి దీని మీద ఏం రాశారు?"

ఆయన మన ఇంటి గోడ వైపు చూశారు. తర్వాత మెల్లిగా ఏదో అన్నారు. ఫోన్ చెప్పింది. "రాజు అడిగిన పాత ప్రశ్న. రాణి బిడ్డను కనబోతోంది. మంచిగా జరుగుతుందా?"

ఉదయ నడుం మీద చెయ్యి వేసుకుని పెరట్లో నడుస్తుంటే చూశారట. ఆ పాత ప్రశ్న గుర్తొచ్చిందట. పురుడయ్యాక ఇద్దామని చెక్కడం మొదలుపెట్టారు. ఇస్తే మనం ఏమనుకుంటామో అని అదొక భయం.

అక్కా, మనం చేతబడి అన్నది అదీ.

ఎముక అడుగున కొంత ఖాళీ ఉంది. ఇంకా రాయాలా అని అడిగాను. ఆయన కోడల్ని టీకి పంపి అప్పుడు చెప్పారు. ఆ రాజు కాలం నాటి అసలుదాని మీద చివర్న జరిగింది కూడా రాసి ఉందట. మంచిగా జరగలేదు, ఆడపిల్ల అని. ఆడపిల్ల పుట్టడమే మంచి కాదన్నట్టు రాశారట. "అది చెక్కడానికి నా చెయ్యి రాలేదు. అక్కడ ఆపేశాను" అన్నారు. ఇది నీకు తప్ప ఇక్కడ ఎవరికీ చెప్పలేదు. భార్గవ్‌నీ చెప్పొద్దన్నాను.

నేనే ఆయన్ని మనింటికి పిలిచాను. సీత గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడింది. ఆయన ఉదయ మంచం పక్కన కుర్చీలో కూచుని, ఒక్కో అక్షరం కింద వేలు పెట్టి, బళ్ళో చదివినట్టు పైకి చదివారు. ఫోన్ తెలుగులో చెప్పింది. ఉదయ మొదట నా మొహం చూసింది. తర్వాత చెయ్యి చాపి ఎముక తీసుకుంది.

"ఆ ఎరుపేంటో అడగండి" అంది సీత.

"రంగు అత్తయ్యగారూ. షాపులో కొన్నది."

"ఎముక దేనిది?"

భార్గవ్ ఫోన్‌లో ఆ మాట అడగనే లేదు. "గొర్రెది అత్తయ్యగారూ" అనేశాడు.

గొర్రెకి అంత భుజం ఉండదు. నేను ఊరుకున్నాను.

ఇంతలో మే వచ్చింది. భార్గవ్ చేత గుమ్మడికాయ సంగతి అడిగించింది. "ఎవరి దిష్టీ తగలకుండా కొట్టాం తల్లీ, మీకు చెడు జరగాలని కాదు" అంది సీత. "అయితే మా ఇంటి ముందెందుకు?" అని ఆ పిల్ల. "నాలుగు దారులు అక్కడే కలిసి చచ్చాయమ్మా, నన్నేం చెయ్యమంటావు?" అంది సీత. భార్గవ్ ఇంగ్లీషులో ఏం చెప్పాడో గాని మే పకపకా నవ్వింది. ఉదయ కూడా నవ్వింది. నవ్వితే పొట్ట నొప్పి, ఆపండి అంటూనే నవ్వింది.

కాసేపటికి సీత నా దగ్గరికి వచ్చి మెల్లిగా, "ఆయన కాఫీ తాగుతారేమో కనుక్కోండి" అంది.

ఇవాళ పొద్దున్న తనే భార్గవ్‌తో, "ఆ టిక్కెట్లు తీసెయ్యి బాబూ" అంది. ఉదయ కర్టెన్ తియ్యమంది.

చాలా రాసేశాను. చెయ్యి నొప్పి పుట్టింది.

దాసు


స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్
మే 6

దాసుకి దీవెనలు.

నీ చేత్తో ఇంత పొడుగు ఉత్తరం పుట్టాక నేను చూడలేదు. యోగానంద్‌కి చదివి వినిపించాను. గుమ్మడికాయ దగ్గర వాడు సోఫాలోంచి జారిపోయాడు.

గొర్రె సంగతి రాసిన చోట టీ ఒలికింది. ఒక ముక్కా కనపడలేదు. మళ్ళీ రాయకు.

ఆ రాజు మీద నాకు ఒళ్ళు మండిపోతోంది. మూడు వేల ఏళ్ళైనా సరే మండుతోంది. అంత ఎముక తెచ్చి, కాల్చి, చెక్కి, ఆఖర్న రాసింది అదా? ఆ తల్లి ప్రాణం ఎలా ఉందో రాయాలని తోచలేదా ఒక్కడికీ? మీ లియాంగ్ గారు అక్కడ ఆపడం మంచిపని చేశారు. నా మాటగా చెప్పు.

నా నోటి గురించి నువ్వు ఒక్క మాటా రాయలేదు. అయినా అర్థమైందిలే. ఆ పగులు నేను కంటితో చూసింది లేదు, ఫలితం మాత్రం చెప్పేశాను. ఇంకా నయం, టిక్కెట్లు రద్దయ్యాయి. ఆ పిల్లకి దారిలో ఏమైనా అయి ఉంటే నేనేమయ్యేదాన్నిరా?

మళ్ళీ స్కాన్ ఎప్పుడు? మాయ పైకి జరిగితే వెంటనే తెలియజెయ్యి.

అక్క


వెర్రిబీ
జూన్ 7

అక్కకి,

మాయ పైకి జరిగిందట. మామూలు కాన్పే కావచ్చన్నారు. డాక్టరమ్మ చెప్తున్నంతసేపూ నీ మరదలు ఆవిడ చెయ్యి వదల్లేదు. అర్థం కాకపోయినా వదల్లేదు.

ఇక్కడ చలి ఎక్కువైంది. అయినా లియాంగ్ గారూ నేనూ బల్ల దగ్గరికి వెళ్తున్నాం. తడి ఇసకలో నాచేత 'పు' దిద్దిస్తున్నారు. రెండే గీతలు గాని కుదరడం లేదు. మేష్టారు ఊరుకోరు, చెరిపి మళ్ళీ దిద్దమంటారు.

నీ మాట చెప్పాను. ఆయన లేచి నిలబడి నీకు వంగి దండం పెట్టారు. బ్రిస్బేన్ ఎటో తెలీక నది వైపు పెట్టారు.

దాసు


స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్
జులై 30

దాసూ,

రెండు రోజులుగా మీ ఇంట్లో ఎవరూ ఫోన్ ఎత్తడం లేదు. స్పీకరు మీద అందరూ ఒకేసారి అరిచే ఇల్లు అది. భార్గవ్‌కి యోగానంద్ మెసేజ్ పెడితే "ఆస్పత్రిలో ఉన్నాం" అని ఒక్క ముక్క వచ్చింది. అంతే. ఏమనుకోవాలి నేను?

నిన్న వంటింట్లో నా ఎడమ భుజం మీద బల్లి పడింది. చెయ్యి అలవాటుగా పుస్తకం వైపు పోయింది. తీసి యోగానంద్‌కిచ్చి, నాకు అందకుండా పై అరలో పెట్టరా అన్నాను. బల్లి పడింది, పారిపోయింది. అంతవరకే నాకు తెలుసు.

ఇంకేమీ చెప్పను, ఇంకేమీ అడగను. ఉదయ ఎలా ఉందో చాలు. ఎవరైనా ఒక్కరు నోరు విప్పండిరా.

అక్క


వెర్రిబీ, ఆస్పత్రి
ఆగస్టు 2

అక్కా,

నీ ఉత్తరం ఇవాళ భార్గవ్ ఇంటి నుంచి తెచ్చాడు. అది చేరేలోపే నిన్న ఫోన్‌లో చెప్పేశాను కదా. పాప అని నేను అనగానే నీ గొంతు ఆగిపోయింది. మన ఇద్దర్లో నువ్వు మాట్లాడకుండా ఉండి నేను మాట్లాడడం అదే మొదలు. అప్పుడు వివరం చెప్పలేకపోయాను. ఇప్పుడు రాస్తున్నాను.

రెండు మూడు రోజుల ముందే చేర్చుకుని ఉంచారు. నొప్పులు చాలాసేపు పడింది. చివర్లో బిడ్డ గుండె చప్పుడు తగ్గిందని నలుగురైదుగురు లోపలికి పరుగెత్తారు. తలుపు వేసేశారు. భార్గవ్ లోపల ఉన్నాడు. నేనూ సీతా బయట. సీత నన్నేమీ అడగలేదు, దేవుణ్ణి కూడా అడగలేదు. నా చొక్కా కొస పట్టుకుని నిలబడింది. తర్వాత ఏడుపు వినపడింది. గట్టి ఏడుపు. నీ పోలికే అనుకున్నాను.

తల్లీ బిడ్డా బాగున్నారు. ఇదే ముందు రాయాల్సింది.

ఇవాళ మధ్యాహ్నం గదిలో ఉదయ, నేను, పాప ఉన్నాం. సీత కుర్చీలోనే నిద్రపోయింది. ఉదయ కళ్ళు మూసుకునే అడిగింది. "నాన్నా, నువ్వు భయపడ్డావా?"

ఔనమ్మా అన్నాను. చాలా భయపడ్డాను అన్నాను. పోయినసారి కూడా, గరాజులోకి వెళ్ళి కూచుండిపోయేవాణ్ణి అన్నాను.

ఉదయ కళ్ళు తెరిచింది. "నాకు తెలీదు నాన్నా. నీకేమీ అనిపించలేదనుకున్నా."

ఏం అనిపించిందో చెప్పాను. కొంచెమే చెప్పాను. మధ్యలో ఆగిపోతే తను ఆగింది. మళ్ళీ చెప్పాను. విని, నా చెయ్యి తన మొహం మీద పెట్టుకుంది. తడిగా తగిలింది. కాసేపటికి ఊపిరి నిదానమైంది. నిద్రపోయింది.

భార్గవ్ మళ్ళీ ఇంటికి వెళ్ళాడు. నర్సమ్మ వచ్చి చూసి, వేలు పెదాల మీద పెట్టుకుని వెళ్ళిపోయింది. కిటికీలోంచి ఎండ మంచం మీద పడుతోంది. నాక్కూడా నిద్రొస్తోంది. ఇన్ని నెలల్లో మధ్యాహ్నం నిద్ర రావడం ఇదే మొదలు.

పాప నా ఎడమ చేతిలో ఉంది. ఒక్క చేత్తోనే రాస్తున్నాను. అక్షరాలు వంకర పోయి ఉంటే ఏమనుకోకు.

దాసు